మామ్మ ట్రంకు పెట్టెలో 1971 నాటి కవర్లు దొరికాయి, ‘రెఫ్యూజీ రిలీఫ్’ ముద్ర ఉన్న ఐదు పైసల స్టాంపులు ఏంటండీ?

మామ్మ_ట్రంకు:

అందరికీ నమస్కారం. మాది సీతమ్మధార. మహారాణిపేటలో మా మామ్మ వాళ్ల పాత ఇల్లు ఖాళీ చేస్తున్నాం. అటక మీద రేకు ట్రంకు పెట్టె ఒకటి దొరికింది. అందులో ఒక పట్టుచీర, జాతకాలు, మనియార్డరు రసీదులు, వాటన్నిటి అడుగున పురికొసతో కట్టిన ఉత్తరాల కట్ట. మొత్తం పద్నాలుగు కవర్లు, అన్నీ 1971 నవంబరు నుంచి 1972 వేసవి లోపువే. తాతయ్య అప్పుడు పోర్టులో పనిచేసేవారు. మామ్మ పురిటికి బొబ్బిలి పుట్టింటికి వెళ్లింది, అక్కడికి ఆయన రాసినవి పదకొండు. మిగతా మూడూ బెంగళూరులో ఉద్యోగం చేసే చిన్నతాతయ్య విశాఖకు రాసినవి.

నా సందేహం స్టాంపుల గురించి. ప్రతి కవరు మీద మామూలు స్టాంపులతో పాటు ఇంకో ఐదు పైసల స్టాంపు ఉంది. కొన్నిటి మీద ఎర్ర రంగు కుటుంబ నియంత్రణ స్టాంపు, దాని మీద నల్లగా హిందీలో ఏదో, ఇంగ్లీషులో ‘రెఫ్యూజీ రిలీఫ్’ అని. బెంగళూరు నుంచి వచ్చిన మూడింటి మీద అదే స్టాంపు ఉంది కానీ ముద్ర ఇంగ్లీషులోనే ఉంది, అదీ చేత్తో కొట్టినట్టు ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది, ఒకదాని మీదైతే సగం అక్షరాలు స్టాంపు అంచు దాటిపోయాయి. తర్వాతి నెలల కవర్ల మీద అసలు స్టాంపే వేరు, జనం నడిచి వెళ్తున్నట్టు బొమ్మ.

మా అబ్బాయి ఏడో తరగతి, స్టాంపుల ఆల్బమ్ మొదలుపెట్టాడు. వాటిని నీళ్లలో నానబెట్టి తీసి ఆల్బమ్‌లో పెట్టేద్దాం అంటున్నాడు. గిన్నెలో నీళ్లు కూడా పోసుకుని కూర్చున్నాడు, నేనే ఒక్క రోజు ఆగమన్నాను. ఇవి ఏంటి, తీయొచ్చా, దాచుకోవాల్సినవా? తెలిసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.

పాత_కవర్లు_ద్వారకానగర్:

అమ్మా, ముందు ఆ గిన్నె అవతల పెట్టించండి. తీయొద్దు. ఒక్కటి కూడా తీయొద్దు. మిగతాది నెమ్మదిగా చెబుతాను.

1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి, అంటే ఇప్పటి బంగ్లాదేశ్ నుంచి, దాదాపు కోటి మంది మన దేశంలోకి శరణార్థులుగా వచ్చారు. వాళ్ల తిండికీ గుడారాలకీ మందులకీ డబ్బు కావాలి. కేంద్ర ప్రభుత్వం ఎన్నో రకాల పన్నులు వేసింది, అందులో ఒకటి ఉత్తరాల మీద. 1971 నవంబరు 15 నుంచి, పోస్టుకార్డులూ వార్తాపత్రికలూ తప్ప, పోస్టులో వేసే ప్రతిదాని మీదా అదనంగా ఐదు పైసలు అంటించాలని రూలు పెట్టారు. బొబ్బిలిలో ఉన్న భార్యకు పాప ఎలా ఉందని అడుగుతూ ఉత్తరం రాస్తే, అందులో ఐదు పైసలు బెంగాల్లో గుడారంలో ఉన్నవాళ్లకు వెళ్లాయన్నమాట. మీ తాతగారు ఆ పదకొండుసార్లూ ఆ ఐదు పైసలు కట్టారు.

అయితే అంత హడావుడిలో కొత్త స్టాంపు గీయించి, అచ్చు వేయించి దేశమంతా పంపడం కుదరలేదు. అప్పటికే కోట్ల సంఖ్యలో వాడుకలో ఉన్న ఐదు పైసల కుటుంబ నియంత్రణ స్టాంపునే తీసుకుని, దాని మీద నాసిక్ ప్రెస్సులో హిందీ, ఇంగ్లీషు రెండు భాషల్లో శరణార్థి సహాయం అని మళ్లీ అచ్చు వేశారు. దీన్నే మేము ఓవర్‌ప్రింట్ అంటాం. మీ దగ్గరున్న నల్ల ముద్రవి అవే. నాసిక్ నుంచి సరుకు సమయానికి అందని చోట్ల స్థానికంగానే ముద్ర వేసుకోవాల్సి వచ్చింది. బెంగళూరు, జైపూరు, గోవా ఇలా కొన్ని చోట్ల వేసినవి కేటలాగుల్లో విడివిడిగా ఉంటాయి. చిన్నతాతగారు పంపిన మూడూ ఆ రకమే అయ్యుండాలి. ఆ ఒరిగిపోవడం, ఆ అంచు దాటిపోవడం చూసి పాడైన స్టాంపు అనుకోకండి. ఒక పోస్టాఫీసులో ఎవరో ఉద్యోగి బల్ల మీద షీట్లు పరుచుకుని, వందలూ వేలూ ముద్రలు వేస్తూ పోయిన చేతి గుర్తు అది.

కొత్త బొమ్మ స్టాంపు 1971 డిసెంబరు 1న వచ్చింది. అంటే పదిహేను రోజుల తేడాలో మూడు రకాలు. మీ ట్రంకులో మూడూ ఉన్నాయి, ఒకే కుటుంబం ఉత్తరాల్లో, వరుసగా. నేను ముప్పై ఏళ్లుగా పోగుచేస్తున్నాను, ఇలా ఒకే ఇంట్లోంచి మూడు దశలూ రావడం ఎప్పుడూ చూడలేదు.

వైజాగ్_డీల్స్:

చేతి ముద్రవి అయితే మంచి రేటు పలుకుతాయి మేడమ్. నేను ఆన్‌లైన్‌లో ఒకటి యాభై వేలకు పెట్టడం చూశాను. మీరు కవర్లు కాకుండా స్టాంపులు విడిగా ఇస్తే కొనేవాళ్లు తొందరగా దొరుకుతారు.

పాత_కవర్లు_ద్వారకానగర్:

తమ్ముడూ, నీ మాటకి అడ్డొస్తున్నానని అనుకోకు కానీ, పెట్టిన రేటు వేరు, అమ్ముడైన రేటు వేరు. ఎవరైనా ఎంతైనా రాసి పెట్టొచ్చు, కొన్నవాడు ఉన్నాడా అన్నదే లెక్క. విడిగా ఇమ్మన్న మాట మాత్రం పూర్తిగా తప్పు, అదెందుకో చెప్పాలి, ఎందుకంటే ఈ మాట విని చాలా ఇళ్లలో చాలా కవర్లు నాశనమయ్యాయి.

ఈ చేతి ముద్రలంత తేలిగ్గా నకిలీవి చేయగలిగినవి ఇంకోటి లేవు. ఎర్ర కుటుంబ నియంత్రణ స్టాంపు ఎక్కడైనా దొరుకుతుంది, రబ్బరు స్టాంపు చేయించుకోవడానికి పది నిమిషాలు చాలు. అందుకే విడి స్టాంపు చేతికొస్తే నమ్మడం కష్టం. కవరు మీద ఉంటే కథ వేరు. భూతద్దం పెట్టి చూడండి. ముందు ఓవర్‌ప్రింటు పడి, దాని మీద నుంచి తేదీ ఉన్న పోస్టు ముద్ర పడిందా, ఆ పోస్టు ముద్ర సగం స్టాంపు మీద, సగం కవరు కాగితం మీద ఆగకుండా సాగిందా, తేదీ నవంబరు 15 లేదా ఆ తర్వాతదేనా, వెనక వైపు చేరిన ఊరి ముద్ర ఉందా, ఆ రెండు తేదీలకూ మధ్య బెంగళూరు నుంచి విశాఖ రావడానికి సరిపడా రోజులు ఉన్నాయా. ఇవన్నీ కలిసొస్తే ఆ కవరు తనకు తానే సాక్ష్యం. నీళ్లలో వేస్తే ఆ సాక్ష్యం పోతుంది, ఐదు పైసల ఎర్ర కాగితం ముక్క మిగులుతుంది.

నాకిది పుస్తకాల్లో చదివి తెలిసింది కాదు. మా నాన్నగారు పట్నంలో చదువుకునేటప్పుడు మా తాతకు రాసిన ఉత్తరాలు ఇంట్లో ఒక బుట్టెడు ఉండేవి, పన్నెండేళ్ల వయసులో నేను అన్నీ నానబెట్టి స్టాంపులు పీకేశాను. అవి ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. ఏది ఏ ఊరి నుంచి వచ్చిందో, నాన్నగారు ఏ రోజు ఏం రాశారో మాత్రం లేదు. మీ అబ్బాయికి ఈ మాట చెప్పండి.

రిటైర్డ్_సార్టర్:

నేను 1972లో ఆర్ఎంఎస్‌లో, అంటే రైల్వే మెయిల్ సర్వీసులో చేరాను, మొదటి పోస్టింగు విశాఖే. ఈ ఐదు పైసల స్టాంపు బాగా గుర్తు, 1973 దాకా నడిచింది. నేను చేరేసరికి కొత్త బొమ్మవే ఎక్కువ, పాత ఎర్రవి ముద్ర వేసినవి అప్పుడప్పుడు కనపడేవి. రైల్లో కదిలే బోగీలో నిలబడి ఉత్తరాలు వేరు చేసేవాళ్లం, మా కళ్లు అడ్రసు మీదే ఉండాలి, స్టాంపు మీద కాదు. ఐనా ఆ స్టాంపు కనపడగానే చెయ్యి ఒక్క క్షణం ఆగేది. మా సీనియరు ఒకాయన అంటూండేవారు, ఈ సంచీలో ఎన్ని ఉత్తరాలున్నాయో అన్ని ఐదు పైసలు అటు వెళ్లాయిరా అని.

అమ్మా, పోస్టు ముద్రలో తేదీ పక్కన టైము కూడా ఉంటుంది చూడండి. ఏ వేళ డబ్బా తీశారో తెలుస్తుంది. మీ తాతగారు ఆఫీసుకి వెళ్తూ వేశారా, సాయంత్రం ఇంటికొస్తూ వేశారా అన్నది కూడా అందులోంచి పట్టుకోవచ్చు.

కొత్తవాడు_ఎంవీపీ:

నాకు నిజంగానే అర్థం కాక అడుగుతున్నా, తప్పుగా అనుకోకండి. అందంగా అచ్చయిన స్టాంపు కంటే హడావుడిలో వంకరగా ముద్ర పడినదానికి విలువ ఎందుకు ఎక్కువ? తప్పు పడితే విలువ తగ్గాలి కదా.

పాత_కవర్లు_ద్వారకానగర్:

మంచి ప్రశ్న. నేను ఈ పని ఎందుకు చేస్తున్నానో దీనికి జవాబులోనే ఉంది.

స్టాంపు అంటే ప్రభుత్వం ముందుగా ఆలోచించి, చక్కగా గీయించి అచ్చు వేయించేది. అన్నీ సవ్యంగా జరిగితే ప్రతిదీ ఒకేలా ఉంటుంది, లక్షల్లో ఉంటుంది. ఎక్కడో ఏదో అందకపోయినప్పుడు మాత్రం మనుషులు కనపడతారు. సరుకు రాలేదు, రంగు అయిపోయింది, ఓడ ఆలస్యమైంది, ఐనా రేపు పొద్దున పోస్టాఫీసు తెరవాలి. అప్పుడు చేతికి దొరికిన దాంతో చేసిన స్టాంపులే ఈ రంగంలో అందరూ వెతికేవి.

అన్నిటికంటే పెద్ద ఉదాహరణ బ్రిటిష్ గయానా. దక్షిణ అమెరికా ఉత్తరపు అంచున అప్పట్లో ఇంగ్లీషు వాళ్ల వలస రాజ్యం. 1856లో ఇంగ్లండు నుంచి రావాల్సిన స్టాంపులు రాలేదు, ఉన్నవి అయిపోవచ్చాయి. పోస్టుమాస్టరు చేసేది లేక జార్జ్‌టౌన్‌లో పత్రిక అచ్చు వేసే ప్రెస్సు వాళ్లను పిలిచి తాత్కాలికంగా కొన్ని వేయమన్నాడు. వాళ్ల దగ్గర పత్రికలో వాడే ఓడ బొమ్మ దిమ్మ ఒకటి ఉంది, దాన్నే పెట్టి వేసిచ్చారు. అచ్చు మరీ నాసిగా ఉంది, ఎవరైనా దొంగవి చేస్తారేమో అని ప్రతి స్టాంపు మీదా పోస్టాఫీసు గుమాస్తాలు సంతకం పొడి అక్షరాలు పెట్టారు. అందులో ఒక సెంటు విలువ ఉన్నది, ముదురు గులాబీ రంగు కాగితం మీద వేసింది, ప్రపంచంలో ఒక్కటే మిగిలింది. 1873లో అక్కడే వెర్నన్ వాన్ అనే పన్నెండేళ్ల కుర్రాడు వాళ్ల ఇంటి పాత కాగితాల్లో దాన్ని చూశాడు, పెద్దగా బాగోలేదని ఆరు షిల్లింగులకు అమ్మేశాడు. 2014లో న్యూయార్క్ వేలంలో అది దాదాపు 95 లక్షల డాలర్లకు వెళ్లింది. అది ఇప్పుడు చూడ్డానికి ఎలా ఉంటుందంటే, మూలలు కోసేసిన మాసిపోయిన కాగితం ముక్క, అడ్డదిడ్డంగా ఇంకు.

మన దేశంలోనే చూడు. 1852 జులై 1న, అప్పట్లో మన దేశంలోనే ఉండి ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న సింధ్‌లో, కమిషనరు బార్టిల్ ఫ్రేర్ అర్ధణా స్టాంపులు మొదలుపెట్టాడు, ఆసియా మొత్తంలో అంటించే స్టాంపులు అవే మొదటివి. మొదట ఎర్ర లక్కలాంటి దాంతో బిళ్లలుగా వేశారు, అవి పెళుసుగా ఉండి పొడిపొడిగా రాలిపోయేవి. తర్వాత తెల్ల కాగితం మీద రంగు లేకుండా ఉబ్బెత్తుగా నొక్కారు, అది దీపం వెలుగులో కనపడేది కాదు. ఆపై నీలం రంగు వేశారు. 1854లో దేశమంతటికీ ఒకే రకం స్టాంపులు వచ్చాక అవి ఆగిపోయాయి. మనవాళ్లు పూర్వం స్టాంపును తపాలా బిళ్ల అనేవారు కదా, ఆ ఎర్ర లక్కవి నిజంగానే బిళ్లలు.

1854 కథ నాకు మరీ ఇష్టం. అర్ధణా స్టాంపు కలకత్తాలో సర్వే ఆఫీసులో కెప్టెన్ థ్యూలియర్ చేతి మీద అచ్చయింది. ముందు ఎర్రగా వేద్దామనుకున్నారు. ఆ ఎర్ర రంగు ఇంగ్లండు నుంచి రావాలి, ఉన్నది అయిపోయింది, ఇక్కడ దొరికిన రంగు వాడితే అచ్చు వేసే రాయే పాడైంది. చివరికి నీలం వేశారు. అలా రంగు సరిపోక నీలమైన ఆ స్టాంపు ఇవాళ మధ్యతరగతి వాడు కూడా కాస్త దాచుకుని కొనుక్కోగలిగినది, నా దగ్గర ఒకటి ఉంది, పెళ్లైన కొత్తలో కొన్నాను. మా ఆవిడ ఏమీ అనలేదు, ఇప్పటికీ దాన్ని ఆమే తీసి వచ్చినవాళ్లకి చూపిస్తుంది.

వంకర ముద్రకు విలువ వంకర వల్ల రాలేదు. ఆ వంకర వెనక ఆ రోజు ఏం జరిగిందో తెలుస్తుంది, అందుకు.

సింధియా_అమ్మాయి:

సింధ్ స్టాంపుకీ మన సింధియాకీ ఏమైనా సంబంధం ఉందా అండీ? మాది మల్కాపురం దగ్గర, చిన్నప్పటి నుంచి సింధియా జంక్షన్ అనే పేరు వింటున్నాను.

పాత_కవర్లు_ద్వారకానగర్:

లేదమ్మా. అది సింధ్ ప్రాంతం, ఇది సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ పేరు. షిప్‌యార్డు పెట్టింది ఆ కంపెనీ వాల్‌చంద్ హీరాచంద్ హయాంలోనే కదా, 1941 జూన్‌లో బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. ఐతే మీ సింధియాకి ఒక స్టాంపు ఉంది! 1965 ఏప్రిల్ 5న వచ్చిన పదిహేను పైసల స్టాంపు, జాతీయ నౌకా దినోత్సవానికి వేసింది, దాని మీద జలఉష ఓడ.

సింధియా_అమ్మాయి:

జలఉషా! మా తాత షిప్‌యార్డులో వెల్డరు. 1948 మార్చిలో నెహ్రూ గారు వచ్చి జలఉషను నీళ్లలోకి వదిలిన రోజు మా ముత్తాత ఆ జనంలో ఉన్నాడని ఇంట్లో ఎప్పుడూ చెప్పుకుంటారు, స్వతంత్రం వచ్చాక ఇక్కడ కట్టి నీళ్లలోకి దింపిన మొదటి పెద్ద ఓడ అని. దాని మీద స్టాంపు ఉందని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఏప్రిల్ 5 ఎందుకండీ, మార్చిలో కదా జరిగింది?

పాత_కవర్లు_ద్వారకానగర్:

1919 ఏప్రిల్ 5న అదే సింధియా కంపెనీ మొదటి ఓడ లాయల్టీ బొంబాయి నుంచి లండనుకు బయల్దేరింది. ఇంగ్లీషు కంపెనీల చేతిలో ఉన్న సముద్రం మీదికి మన కంపెనీ ఓడ వెళ్లిన రోజని ఆ తేదీని నౌకా దినోత్సవంగా పెట్టుకున్నాం. ఆ రోజున వేసిన స్టాంపు మీద ఆ కంపెనీ మన ఊళ్లో కట్టిన ఓడను పెట్టారు. అరుదైనది కాదు, పాత స్టాంపులు అమ్మే ఎవరి దగ్గరైనా దొరుకుతుంది, పెద్ద ఖర్చు కాదు. మీ ఇంట్లో అది ఉండాలి.

వైజాగ్_డీల్స్:

సరే సార్, మీరు చెప్పింది ఒప్పుకుంటున్నా, విడిగా తీయమన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. ఇంకొకటి అడగాలి. మా మావయ్య నాకు ఆజాద్ హింద్ స్టాంపులు ఇచ్చారు, నేతాజీ వాళ్లవి. వాటిలో రెండింటి మీద పోస్టు ముద్ర కూడా ఉంది. ముద్ర ఉంది కాబట్టి ఇంకా అరుదు కదా?

పాత_కవర్లు_ద్వారకానగర్:

ఆ ముద్రే అనుమానించాల్సింది. ఆ స్టాంపులు 1943లో బెర్లిన్‌లో జర్మన్ ప్రభుత్వ ప్రెస్సులో అచ్చయ్యాయి. నాగలి దున్నే రైతు, చరఖా తిప్పే స్త్రీ, నర్సు, తెగిన సంకెళ్లు, జెండాతో సైనికులు, చాలా బాగుంటాయి. స్వతంత్ర భారత ప్రభుత్వం వచ్చాక వాడాలని సిద్ధం చేసుకున్నవి. వాడే రోజు రాలేదు. వాటితో ఏ ఉత్తరమూ నడవలేదు, కాబట్టి వాటి మీద నిజమైన పోస్టు ముద్ర ఉండే అవకాశం లేదు. ముద్ర లేనివే అసలువి. మావయ్యగారు మోసం చేశారని కాదు, ఆయనకు ఎవరో అలా అంటగట్టి ఉంటారు. అమ్మకుండా మీ దగ్గరే పెట్టుకోండి, ముద్ర గురించి మాత్రం ఎవరికీ గొప్పగా చెప్పకండి.

ఆల్బమ్_తడిసింది:

దాచుకునే విషయం నేను చెబుతాను, ఎందుకంటే నేను పోగొట్టుకున్నాను. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్. మాది లాసన్స్ బే కాలనీ, కిటికీ అద్దాలు ఎగిరిపోయి గదంతా నీళ్లు. మూడు ఆల్బమ్‌లు తడిసి ముద్దయ్యాయి. వాడిన స్టాంపులైతే చల్లనీళ్లలో నెమ్మదిగా విడదీసి ఆరబెట్టుకున్నాను, చాలావరకు దక్కాయి. కొత్తవి, వెనక జిగురు ఉన్నవి, పేజీకి పేజీ అతుక్కుపోయాయి. వాటికి చేసేదేమీ లేకపోయింది.

తుఫాను రోజు సంగతి అలా ఉంచితే, మన ఊళ్లో మామూలు రోజుల్లో కూడా గాలిలో తేమ, ఉప్పు. కవర్ల మీద గోధుమ రంగు చుక్కలు పడతాయి, అది బూజు. మీరు చేయాల్సింది చెబుతాను. పురికొస విప్పేయండి, అది కాగితాన్ని కోస్తుంది. గుండుసూదులు, స్టాప్లర్ పిన్నులు ఉంటే జాగ్రత్తగా తీసేయండి, తుప్పు పడుతుంది. చిరిగిన చోట సెల్లోటేపు వేయకండి, పదేళ్లకు పసుపు మరక పడి పోదు. లామినేషన్ మాట ఎత్తొద్దు. బజార్లో దొరికే చవక ప్లాస్టిక్ కవర్లు వద్దు, పీవీసీ రకం రంగుల్ని తినేస్తుంది. ఉత్తరాన్ని కవర్లోంచి తీసి తెరిచి విడిగా పెట్టి, ఏది ఏ కవరుదో పెన్సిలుతో చిన్న చీటీ మీద రాసుకోండి. బీరువాలో నేల వైపు అరలో కాకుండా మధ్య అరలో, సిలికా జెల్ పొట్లాలు వేసి, వానాకాలంలో ఆ పొట్లాలు మారుస్తూ ఉండండి. ఎండలో పెట్టి ఆరబెట్టే ఆలోచన వద్దు, ఫ్యాను కింద నీడలో చాలు.

అన్నిటికంటే ముందు, రెండు వైపులా ఫొటోలు తీసి ఇంకో చోట దాచండి. నా ఆల్బమ్‌లకు ఫొటోలు లేవు.

మామ్మ_ట్రంకు:

అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. గిన్నె అవతల పెట్టేశాం. మా వాడికి పాత కవర్లు గారు రాసినదంతా చదివి వినిపించాను, నాన్నగారి ఉత్తరాల సంగతి దగ్గర వాడు ఏమీ మాట్లాడలేదు. తర్వాత వాడే వెళ్లి భూతద్దం తెచ్చాడు.

మీరు చెప్పినట్టే చూశాం. బెంగళూరు కవర్లు మూడింటి మీదా పోస్టు ముద్ర ఓవర్‌ప్రింటు పైనుంచి వెళ్లింది, స్టాంపు దాటి కవరు మీదికి కూడా సాగింది. వెనక విశాఖ చేరిన ముద్ర రెండింటి మీద స్పష్టంగా ఉంది. ఒకటి నవంబరు చివరిది, రెండోది డిసెంబరు మొదటి వారం.

ఇంకో సంగతి చెప్పాలి. స్టాంపుల కోసం చూస్తూ తాతయ్య ఉత్తరాలు చదవడం మొదలుపెట్టాను. ఒక కవరు మీద 1971 డిసెంబరు 6 ముద్ర ఉంది, లోపల ఉత్తరం మీద ఆదివారం అని రాసి ఉంది. ఇలా ఉంది: ‘శుక్రవారం అర్ధరాత్రి దాటాక పెద్ద చప్పుడు వచ్చింది. కిటికీ తలుపులు అదిరాయి. అందరం వీధిలోకి వచ్చేశాం. ఇక్కడ రాత్రిళ్లు దీపాలు వెయ్యనివ్వటం లేదు. ఏమిటన్నది తెలియలేదు, సముద్రంలోనే అంటున్నారు. నువ్వు కంగారు పడకు. నేను రాసేదాకా పాపను తీసుకుని బయల్దేరవద్దు.’

నేను చదువుతూ ఆగిపోయాను. బీచ్ రోడ్డులో విక్టరీ ఎట్ సీ స్తూపం దగ్గర మా వాడితో ఎన్నిసార్లు కూర్చున్నామో లెక్కలేదు, 1971 యుద్ధంలో పాకిస్తాన్ ఘాజీ సబ్‌మెరైన్ ఇక్కడే మునిగింది అని చెబుతూనే ఉంటాను. ఆ రాత్రి మా తాతయ్య మహారాణిపేట వీధిలో నిలబడి విన్నారని మాకు ఇవాళ తెలిసింది. ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఆ కవరు మీద కూడా ఐదు పైసల స్టాంపు ఉంది.

రిటైర్డ్_సార్టర్:

అమ్మా, ఘాజీ మునిగింది డిసెంబరు మూడో తేదీ శుక్రవారం అర్ధరాత్రి దాటాక, అంటే నాలుగో తేదీ తెల్లవారకముందే. ఆదివారం రాసి సోమవారం డబ్బాలో వేశారు, అన్నీ సరిపోయాయి. ఆ ముద్రలో టైము చూశారా?

మామ్మ_ట్రంకు:

చూశాను బాబుగారూ. పొద్దున్నదే. ఆఫీసుకి వెళ్తూ వేశారు.

పాత_కవర్లు_ద్వారకానగర్:

చాలాసేపు మీరు రాసిందే చదువుతూ కూర్చున్నాను.

ఆ కవరు నాసిక్ ముద్రది కాబట్టి కేటలాగు ప్రకారం మామూలుదే. ఐనా నాకు అది ఇస్తానంటే నా దగ్గరున్న 1854 నీలం స్టాంపు ఇచ్చేస్తాను, కానీ మీరు ఇవ్వొద్దు. పద్నాలుగు కవర్లనూ తేదీల వరుసలో పెట్టండి, విడదీయకండి. బెంగళూరు మూడింటినీ ఎవరైనా నిపుణులకు చూపించాలంటే ఫొటోలు మాత్రం పంపండి, అసలువి పోస్టులో వేయకండి. మీ అబ్బాయి ఆల్బమ్‌కి కావాల్సిన విడి స్టాంపులు, ఎర్ర కుటుంబ నియంత్రణ, రెఫ్యూజీ రిలీఫ్ నాసిక్‌ది, కొత్త బొమ్మది, మూడూ నా దగ్గర రెండేసి ఉన్నాయి. వాడికి ఇస్తాను, ద్వారకానగర్ వైపు వచ్చినప్పుడు చెప్పండి. జలఉష కూడా ఒకటి ఎక్కువ ఉంది, సింధియా అమ్మాయికి పక్కన పెట్టాను.

మామ్మ_ట్రంకు:

తప్పకుండా వస్తామండీ, ఆదివారం వీలవుతుందేమో చూస్తాను. ఇందాక బెంగళూరులో చిన్నతాతయ్య వాళ్ల అబ్బాయికి, అంటే మా బాబాయికి ఫోన్ చేశాను. ఇక్కడి నుంచి తాతయ్య చిన్నతాతయ్యకి రాసిన ఉత్తరాలు అక్కడ ఏమైనా మిగిలాయా అని అడిగాను. అమ్మ ఏదీ పారేసే మనిషి కాదు, అటక మీద ఒక పెట్టె ఉంది, దింపి చూస్తానన్నాడు. ముందే చెప్పేశాను, ఏం దొరికినా నీళ్లలో పెట్టొద్దని.